బరకం కింద ఒక రాత్రి



మన ఊళ్లలో ఎవరినైనా "టెంటు కావాలి" అని అడిగి చూడండి. "ఎన్ని కుర్చీలు వెయ్యమంటారు?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. టెంట్‌హౌస్ అంటే మనకు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, అన్నం గుండిగలు, ఇంట్లో పెళ్లో పెద్దకర్మో. చిన్నపిల్లల్ని వెంటేసుకుని ఊరి బయట ఒక రాత్రి గుడారంలో పడుకోవడానికి టెంటు అంటే మా వీధిలో వాళ్లకి విడ్డూరంగా తోచింది. "ఇల్లుండగా అదేటి ఖర్మ టీచరమ్మా?" అంది ఎదురింటావిడ.

ఆవిడ మరిచిపోయింది గానీ, మా తరం వాళ్లం అలాంటి రాత్రులు చాలానే గడిపాం. నాకు ఆరేళ్లప్పుడు శివరాత్రికి శ్రీముఖలింగం వెళ్లాం, గూడుబండి కట్టుకుని. రాత్రంతా మధుకేశ్వరస్వామి గుడి దగ్గర జాగరం, ఆ తరవాత చక్రతీర్థ స్నానం దాకా వంశధార ఇసకలోనే మకాం. ఎద్దుల్ని విప్పేసి, కాడి నేలకు ఆనించి, బండి గూటిలో పిల్లల్ని పడుకోబెట్టేవారు. పెద్దవాళ్లు బండి కింద. మా అమ్మ ఇసకలో చేత్తో తవ్వితే చెలమలో నీళ్లూరేవి. ఆ నీళ్లతోనే వంట. ఒరిస్సా వైపు నుంచి వచ్చినవాళ్లు పక్కనే పొయ్యి పెట్టుకునేవారు. వాళ్ల మాట మాకు సగం అర్థమయ్యేది, వాళ్ల పిల్లల ఆట పూర్తిగా అర్థమయ్యేది.

ఇంగ్లండులో థామస్ హిరామ్ హోల్డింగ్ అని ఒక దర్జీ ఉండేవాడు. సరదా కోసం గుడారం వేసుకు పడుకోవడాన్ని ఒక పద్ధతిగా నేర్పినవాడు ఆయనే అంటారు. తేలికపాటి గుడారాలు తనే రూపొందించుకుని, సైకిలు మీద కట్టుకుని తిరిగి, 1908లో క్యాంపర్స్ హ్యాండ్‌బుక్ అని లావాటి పుస్తకం రాశాడు. ఆయనకు ఈ పిచ్చి పట్టిందెక్కడో తెలుసా? 1853లో, తొమ్మిదేళ్ల వయసులో, అమెరికా గడ్డిమైదానాల మీదుగా వలస వెళ్లే గూడుబండ్ల వరుసలో. అది చదివినప్పుడు నాకు ముఖలింగం ఇసక గుర్తొచ్చింది. ఆయనదీ బండే, మాదీ బండే. ఆయన పుస్తకం రాశాడు, మేం స్నానం చేసి ఇంటికొచ్చేశాం.

సరే, ఈ సంక్రాంతికి మా అబ్బాయి, కోడలు హైదరాబాదు నుంచి వచ్చారు. మనవడికి ఎనిమిదేళ్లు, మనవరాలికి మూడున్నర. వస్తూవస్తూ మావాడు ఒక టెంటు తెచ్చాడు. గొడుగులా విచ్చుకుంటుందట. కనుమ వెళ్లాక ఒక రాత్రి ఎక్కడైనా వేసుకుని పడుకుందాం అన్నాడు. ఎక్కడ అనేదే పెద్ద పంచాయితీ అయింది.

మావాడు మహేంద్రగిరి అన్నాడు. మందస దాటితే కనిపిస్తూనే ఉంటుంది, 1,501 మీటర్ల కొండ. ఎక్కువ భాగం ఒడిశాలోనే ఉన్నా, శివరాత్రికి మన వైపు నుంచీ జనం ఎక్కి, పైన కుంతి గుడి, భీముడి గుడి దగ్గర రాత్రి గడిపి దిగుతారు. కానీ వాళ్లతో వేలమంది తోడుంటారు. మామూలు రోజున, పుష్యమాసం చలిలో, మూడున్నరేళ్ల పిల్లతో ఆ కొండ మీద నాకేం పని? వద్దన్నాను. సీతంపేట కొండలు అంది కోడలు. ఆ వైపు, కురుపాం వైపు ఏనుగులు తిరుగుతున్న సంగతి పేపర్లో చూస్తూనే ఉన్నాం. అదీ వద్దన్నాను. కళింగపట్నం బీచి అన్నారు. పగలు బ్రహ్మాండం. రాత్రి సముద్రం పక్కన నిద్రలో నడిచే అలవాటున్న మనవడితోనా?

చివరికి నేనే నది ఒడ్డు అన్నాను, ముఖలింగం మోజు కొద్దీ. ఈసారి కొడుకు వద్దన్నాడు. వాడన్నది నిజం. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి వచ్చేవే. రాయగడ వైపు కుంభవృష్టి కురిస్తే, ఇక్కడ ఆకాశంలో మబ్బుతునక లేకపోయినా తెల్లారేసరికి నీళ్లొచ్చేస్తాయి. తోటపల్లి దగ్గరో గొట్టా బ్యారేజీ దగ్గరో గేట్లెత్తితే కింద ఇసకలో పడుకున్నవాడికి చెప్పేదెవరు? వర్షాకాలం కాదు కదా అంటే, ఇంకో సంగతి ఉంది. మా చిన్నప్పుడు ఇసక చదునుగా ఉండేది. ఇప్పుడు లారీలకు ఎత్తుకుపోయిన చోటల్లా గోతులు, వాటిలో నీళ్లు. పైకి మోకాలి లోతులా కనిపిస్తుంది. అడుగు వేస్తే మనిషి మునుగుతాడు. పిల్లలున్నవాళ్లు ఏ కాలంలోనైనా ఆ ఇసక మకాం మానుకోవడమే మంచిది. ఈ మాట చెప్పడానికి నాకు కష్టంగానే ఉంది.

అప్పుడు మా ఆడపడుచు గారి తోట గుర్తొచ్చింది. కవిటి దగ్గర, ఉద్దానంలో. తోటలో కాపలా మనిషి కుటుంబంతో ఉంటాడు. బావి ఉంది, పక్కా మరుగుదొడ్డి ఉంది, రోడ్డు పక్కనే. పావుగంటలో డాక్టరు దొరుకుతాడు. చిన్నపిల్లలతో వెళ్లే చోటుకి ఇంతకన్నా గొప్ప అర్హతలు ఉంటాయని నేననుకోను.

వెళ్లే ముందు ఒక పని చేశాం. టెంటుని మా మేడ మీద వేసి, ఒక రాత్రి అక్కడ పడుకున్నాం. మంచి పనయింది. విప్పి చూస్తే ఒక కమ్మీ తక్కువ. మనవరాలు లోపలికెళ్లిన రెండు నిమిషాలకే జిప్పు వేశారని ఏడుపు లంకించుకుంది. నడిరాత్రి దిగి కిందికెళ్లిపోయాం. మేడ మీదైతే దిగిపోవచ్చు. అదే యాభై మైళ్ల అవతల అయితే ఏం చేసేవాళ్లం? కొత్త ఏర్పాటు ఏదైనా ముందు ఇంటి మీద చేసి చూసుకోండి. వేసవిలో మనందరం డాబా మీద నులకమంచాలు వేసుకుని పడుకున్నవాళ్లమే. ఏసీలు వచ్చాక ఆ అలవాటు పోయింది. ఇప్పటి పిల్లలకు ఆకాశం కింద నిద్రపోవడం వరసగా నేర్పవలసిన విద్య అయిపోయింది.

దారిలో రెండు చోట్ల ఆగాం. టెక్కలి దగ్గర రావివలసలో ఎండల మల్లికార్జునస్వామి. ఆయనకి పైకప్పు లేదు. ఎండా వానా నెత్తినే. "మామ్మా, ఈయనకి టెంటు కొనలేదా?" అని అడిగింది మనవరాలు. కమ్మీ తక్కువైన టెంటు కన్నా లేకపోవడమే నయం అన్నాడు వాళ్ల నాన్న. తరవాత తేలినీలాపురం. చింతచెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచుకుని, ఎండలు ముదిరే వేళకి వెళ్లిపోతాయి. వీటిని సైబీరియా పక్షులు అనడం మనకి అలవాటు. నేనూ బళ్లో పిల్లలకి అలాగే చెప్పాను చాలా ఏళ్లు. మచ్చల ముక్కు గూడబాతు గానీ ఈ ఎర్రకాళ్ల కొంగ గానీ మన దేశంలోనూ చుట్టుపక్కల దేశాల్లోనూ ఉండే పక్షులే, సైబీరియా వాటి ఊరు కాదు. నా దగ్గర చదువుకున్నవాళ్లెవరైనా వింటుంటే దయచేసి దిద్దుకోండి. ఆ ఊరివాళ్లు మాత్రం వాటిని పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు.

తోటకి చేరేసరికి మధ్యాహ్నం మూడు. మావాడు రెండు కొబ్బరిచెట్ల మధ్య చదును చూసి టెంటు దించబోయాడు. కాపలా మనిషి పరుగెత్తుకొచ్చాడు. "బాబూ, ఆ సెట్టు కింద ఎవులూ పడుకోరు. కాయ పడితే మరేటి లేదు" అన్నాడు. పీచుతో సహా ముదురుకాయ కిలో పైమాటే. నలభై అడుగుల ఎత్తు నుంచి పడితే గుడారం గుడ్డ ఏం ఆపుతుంది? సినిమాల్లోనూ ఫోటోల్లోనూ కొబ్బరిచెట్ల కిందే టెంట్లు చూపిస్తారు. తోటలో బతికేవాడు అలా పడుకోడు.

అయితే గడ్డికుప్ప వెనకాల గాలి తగలదు, అక్కడ వేద్దాం అన్నాను నేను, తెలివైనదాన్నని. దానికీ తల అడ్డంగా ఊపాడు. "గింజ కోసం ఎలక వస్తది, ఎలక కోసం పురుగొస్తది" అన్నాడు. రాత్రిపూట పాము పేరెత్తరు కదా, పగలే ఆ జాగ్రత్త మొదలెట్టేశాడు. పడమటి వైపు జీడితోటలోకి చీకటి పడ్డాక ఎవరూ వెళ్లకూడదన్నాడు, ఎలుగుబంటి తిరుగుతోందట. ఉద్దానంలో అది కొత్త విషయం కాదు. చివరికి తన ఇంటికి పది బారల దూరంలో, నాలుగు వైపులా ఖాళీగా ఉన్న కళ్లం చూపించాడు. నూర్పు అయిపోయి, పేడతో అలికి, అద్దంలా ఉంది.

హోల్డింగ్ గారి పుస్తకం నా దగ్గరుంటే ఆ పూట మూసేసేదాన్ని.

టెంటు సంగతి చెప్పాలి. కమ్మీ లేని టెంటు ఒక పక్కకి ఒరిగి, దెబ్బ తిన్న కోడిలా కూర్చుంది. కాపలా మనిషి దాన్ని కాసేపు చూసి, ఏమీ అనకుండా వెళ్లి బరకం తెచ్చాడు. కళ్లంలో ధాన్యం మీద కప్పే టార్పాలిన్‌ని మేం బరకం అంటాం. నాలుగు వెదురు కర్రలు పాతి, తాళ్లు లాగి, గూటాలు దిగ్గొట్టి అరగంటలో పందిరి లేపాడు. అమ్మినవాడిని తిట్టుకుంటూనే మావాడు తాళ్లు పట్టుకున్నాడు. మనవడికి గూటాలు కొట్టే పని దొరికింది. ఒక్కొక్క దెబ్బకి ఒక్కొక్క కేక. చిన్నదానికి చెప్పుల కాపలా అప్పగించాను, ఎవరి జత వాళ్ల దగ్గర ఉండాలి, విడిచినవి బోర్లించి దులిపి తొడుక్కోవాలి అని. ఆ రాత్రంతా అది తాసీల్దారులా అందరి కాళ్లూ తనిఖీ చేసింది. ఆ వయసు పిల్లలకి జలపాతాలూ వ్యూ పాయింట్లూ అక్కర్లేదండీ. చేతికి ఒక చెంబు, తనకంటూ ఒక పని ఉంటే చాలు. ఆటబొమ్మల సంచీ విప్పకుండానే వెనక్కొచ్చింది.

కింద ఎండుగడ్డి ఎండలో దులిపి జానెడు మందాన పరిచాం, దాని మీద ఇంకో బరకం, ఆపైన బొంతలు. నేల ఒంట్లోని వేడిని లాగేస్తుంది. పైన రెండు దుప్పట్లు కప్పుకున్నా కింద చలి కొడుతూనే ఉంటుంది. కిందున్న గడ్డి పైనున్న కంబళి కన్నా ఎక్కువ పని చేస్తుంది. గూడుబండిలో మా అమ్మ చేసిందీ అదే. మంచాలు వేసుకోమని కాపలా మనిషి భార్య బతిమాలింది. పిల్లలు వినలేదు. అప్పుడు నేను ఒక్క విషయంలో మొండికేశాను. దోమతెర ఉండాలి, దాని అంచులు చుట్టూరా బొంత కిందికి దోపాలి. దోమల కోసమే కాదు. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి వస్తుంది. కాటు నొప్పి కూడా తెలియదు. తెల్లవారి కడుపునొప్పి అనో, కనురెప్పలు వాలిపోతున్నాయనో అంటారు. అప్పుడు కోయడం, కట్టు కట్టడం, మంత్రం వేయించడం ఏవీ వద్దు. 108కి ఫోను చేసి, కదలకుండా పెట్టి, విషానికి మందున్న ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోవాలి. దోపిన దోమతెర ఆ అవసరం రాకుండా చాలావరకు కాపాడుతుంది.

నీళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లాం. ఉద్దానంలో కిడ్నీ జబ్బులు ఎన్ని కుటుంబాలని కుంగదీశాయో మీకు చెప్పనక్కర్లేదు. మా క్యాను చూసి కాపలా మనిషి ఏమీ అనుకోలేదు. వాళ్లింట్లోనూ కొన్న నీళ్లే. బోండాలు మాత్రం కొట్టిచ్చాడు.

పొయ్యి మూడు రాళ్లది. పెసరపప్పు పులగం, వంకాయ కాల్చి పచ్చడి. పండగ అరిసెలు ఎలాగూ ఉన్నాయి. పొయ్యి చుట్టూ నాలుగడుగుల దూరంలో మనవరాలి చేతే ముగ్గుపిండితో గుండ్రంగా గీత గీయించాను. తను గీసిన గీత కాబట్టి దాటలేదు, అన్నని దాటనివ్వలేదు. కొబ్బరి మట్టలు భగ్గున మండి నిప్పురవ్వలు లేస్తాయి, అందుకని వంటకి జీడికర్ర, పొగకి కొబ్బరి డొక్కలు వాడాం. అంతా అయ్యాక మా కోడలు నిప్పుల మీద మట్టి కప్పబోయింది. అది వద్దు. మట్టి కింద నిప్పు తెల్లార్లూ అలాగే ఉంటుంది. పైకి చల్లగా కనిపిస్తుంది, పొద్దున్నే పిల్లలు ఒట్టి కాళ్లతో తొక్కుతారు. రెండు బకెట్ల నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పొయ్యాలి.

చీకటి పడ్డాక చిన్నది జడుసుకుంది. మావాడు ఫోను లైటు వేశాడు. దాంతో వెలుగు పడిన చోటు తప్ప మిగతా లోకమంతా తారు పూసినట్టయింది, ఏడుపు పెరిగింది. అన్ని లైట్లూ ఆర్పించాను. కంటికి చీకటి అలవాటు కావాలంటే ఇరవై నిమిషాలైనా పడుతుంది. అంతసేపూ దాన్ని ఒళ్లో పెట్టుకుని కబుర్లు చెప్పాను. మెల్లగా బావి గట్టు కనిపించింది, కుక్క కనిపించింది, ఆపైన చుక్కలు. మా అమ్మ గొల్లకావడి అని చూపించే మూడు చుక్కలు నడినెత్తి వైపు ఎక్కుతున్నాయి. వాటికి పైన, గుప్పెడు చుక్కల ముద్ద, కృత్తికలు. మేం పిల్లలకోడి అనేవాళ్లం. "కోడేది, పిల్లలేవి?" అని లెక్కపెడుతూ ఏడుపు మరిచిపోయింది. కాసేపటికి తూర్పు నుంచి హోరు వినిపిస్తోందని పట్టుకుంది.

"అదేంటి మామ్మా?"

"సముద్రం."

"ఆపమను."

మనవడు నిద్రపోలేదు. తోటలో కొన్ని చెట్లు పొట్టిగా, కొన్ని పొడుగ్గా ఎందుకున్నాయని కాపలా మనిషిని అడిగాడు. ఆయన చుట్ట ముట్టించుకుని తిత్లీ రాత్రి గురించి చెప్పాడు. 2018 అక్టోబరు 11, తెల్లవారుజాము. పలాస దగ్గర తీరం దాటిన ఆ తుపాను ఉద్దానాన్ని ఏం చేసిందో మనకి తెలుసు. ఆయన తుపాను గురించి చెప్పలేదు, చప్పుడు గురించి చెప్పాడు. చెట్టు విరిగే ముందు ఒక మూలుగు వినిపిస్తుందట. మొదట ఏ చెట్టో గుర్తుపట్టగలిగాడట, తరవాత లెక్క తప్పిపోయిందట. తెల్లారి తలుపు తీస్తే తోటలో నుంచి సముద్రం వైపు ఆకాశం కనిపించింది, అంతకుముందు ఎప్పుడూ కనిపించలేదు అన్నాడు. ఈ పొట్టిచెట్లు ఆ తరవాత వేసినవి. ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. "నీకంటే సిన్నవి బాబూ" అన్నాడు. మనవడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. పొద్దున్న లేచి పాత మోడులు లెక్కపెట్టాడు, ముప్ఫై ఒకటి. ఎవరూ లెక్కపెట్టమనలేదు. బడిలో ప్రకృతి వైపరీత్యాలు అని ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పాను నేను. ఒక్క పిల్లాడూ లేచి మోడులు లెక్కపెట్టలేదు.

రాత్రి రెండింటికి నా మొహం మీద చుక్క పడింది. వానేమో అని లేచాను. వాన కాదు, మా ఊపిరే. మంచు పడుతోందని కోడలు నాలుగు వైపులా బరకం దించి కట్టేసింది. అయిదుగురం వదిలిన ఊపిరి చల్లటి బరకానికి తగిలి నీళ్లయి కారుతోంది. గాలి రాని రెండు వైపులా పైకి చుట్టేస్తే సర్దుకుంది. పిల్లలకి చలి అని అన్నీ మూసేస్తాం గానీ, తడిసిన దుప్పటి చలి కన్నా చెడ్డది. మూడింటికి మనవరాలు పక్క తడిపింది. ఎవరూ ఏమీ అనలేదు. బట్టలు మార్చి, తడిసిన బొంత తీసి ఇంకోటి వేసి, మళ్లీ పడుకోబెట్టాం. ఇంట్లో పరుపు మీదైతే ఇంత సుఖం లేదు అన్నాడు వాళ్ల నాన్న.

పొద్దున్నే కాపలా మనిషి భార్య చోడి అంబలి తెచ్చింది, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ కొరుక్కోమని. హైదరాబాదులో ఏది పెట్టినా మూతి తిప్పుకునే పిల్ల గ్లాసు ఖాళీ చేసింది. రెండో రాత్రి కూడా ఉందాం అన్నారు పిల్లలు. నేను ఒప్పుకోలేదు. ఇంకా కావాలని అడుగుతున్నప్పుడే బయల్దేరాలి. రెండో రోజు మధ్యాహ్నానికి దోమకాట్లు దురద పెడతాయి, ఎండ చిరాకు పుట్టిస్తుంది, అన్నాచెల్లెళ్లు కొట్టుకుంటారు. అప్పుడు అదే గుర్తుండిపోతుంది.

వచ్చేముందు మావాడు టెంటుని కాపలా మనిషి పిల్లలకి ఇచ్చేశాడు. వాళ్లు దాన్ని కోడిపిల్లల మీద బోర్లించారు, గద్ద ఎత్తుకుపోకుండా. చాలా బాగా పనికొచ్చిందని కాపలా మనిషి మొన్న ఫోనులో చెప్పాడు.

మనవరాలు హైదరాబాదు వెళ్లేలోగా ఇంకో నాలుగు రాత్రులు మా మేడ మీదే పడుకుంది. రోజూ అందరి చెప్పులూ మెట్ల దగ్గర వరసగా పెట్టించి, బోర్లించి దులిపించి, లెక్క చూసుకున్నాకే పడుకునేది. ఇప్పుడు అక్కడ అపార్టుమెంటులో కూడా వచ్చినవాళ్ల చెప్పులన్నీ బోర్లిస్తోందని కోడలు గోల పెడుతోంది.